సూర్యోదయం 6-44

మధ్యాహ్నం మూడింటికి నర్సుని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కణ్ణించి తిన్నగా జైలుకే. స్టేషన్ లాకప్ ముందు స్టూలు లాక్కుని డిటెక్టివ్ కూర్చునేసరికి పదకొండూ ఐదు అయింది. చేతిలో నాలుగు గంటలు కూడా లేవు.

ఈ డిటెక్టివ్‌ని డిపార్ట్‌మెంట్‌లో చిన్నా పెద్దా అందరూ 'నస' అంటారు. అడిగిందే నాలుగుసార్లు అడుగుతాడని పెట్టిన పేరు. పదహారేళ్ళు ఇదే స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి, ఆరేళ్ళ కిందట రాజీనామా మొహాన కొట్టి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ ఎవరు పిలిస్తే వాళ్ళ కేసు చూసుకుంటూ, ఒంటరిగా వండుకుని తింటూ బతుకు ఈడుస్తున్నాడు.

నిన్న చచ్చిపోయిన సర్జన్ మీద నసకి వీసమెత్తు జాలి లేదు. ఆరేళ్ళ కిందట నస తొమ్మిదేళ్ళ కూతురు కడుపులో పేగు పగిలి ఆ సర్జన్ బల్లమీదే పోయింది. బయటికొచ్చి గ్లవ్స్ విప్పుకుంటూ "ఆలస్యంగా తెచ్చారు" అన్నాడాయన. ఆ ఒక్క మాటా నస కొంప ముంచింది. రాత్రే తీసుకెళ్దామని నేనన్నానుగా అని భార్య, నొప్పి తగ్గిందని నువ్వే కదా చెప్పావని నస, ఇద్దరూ ఒకర్నొకరు తినేసుకున్నారు. నెల తిరక్కుండా ఆవిడ సూట్‌కేసు సర్దుకుని వెళ్ళిపోయింది. అలాంటి మనిషి చావు గురించి నసకి ఎందుకు? సర్జన్ని చంపిందని పట్టుకెళ్ళిన నర్సు అత్తగారు మూడేళ్ళ మనవరాలిని చంకనేసుకుని, తెల్లారేసరికి వచ్చి నస గుమ్మంలో కూలబడింది. లేవమంటే లేవలేదు. అందుకని వచ్చాడు.

"ఇంజెక్షన్ నువ్వు వేశావా?"

"లేద్సార్." నర్సు కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"వేశావా, లేదా?"

"లేదన్నాగా సార్. ఇంకో పదిసార్లు అడిగినా అదే చెప్తా."

"రోజూ వేసేదానివి, నిన్న ఎందుకు వెయ్యలేదు?"

"టైమ్ కాలేదన్నారు సార్. ఆయనకి అన్నిటికీ ఏదో హోర ఉంటుంది. గడ్డం గీసుకోవాలన్నా హోర, ఫోన్ ఎత్తాలన్నా హోర. ఇన్సులిన్ మాత్రం చంద్ర హోరలోనే వెయ్యాలి. ఒకరోజు ఏడున్నరకి వెయ్యమంటారు, ఒకరోజు పదింటిదాకా కూర్చోబెడతారు. నిన్న నాకు ఎనిమిదింటికల్లా ఇంకో ఇంట్లో డ్యూటీ ఉంది. ఉండలేను సార్ అన్నా. 'చంద్ర హోర ఇంకా రాలేదు, నువ్వు పోమ్మా, ఇంకొకరితో వేయించుకుంటా' అన్నారు. బీపీ చూసి వచ్చేశా."

"ఇంకొకరంటే?"

"చెప్పలేదు. అడిగితే ఆయనకి చిరాకు."

"ఇదంతా ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?"

"మొత్తం చెప్పా. ఆయన పెన్ను పట్టుకుని విన్నారు గానీ రాసుకోలేదు."

నస వెనక బూట్ల చప్పుడు ఆగింది. తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది. ఇన్‌స్పెక్టరు స్వయానా నస బావమరిది. భార్యకి తమ్ముడు. నస కింద పని నేర్చుకుని, నసని దాటి పైకెళ్ళినవాడు.

"ఈ కేసులో వేలు పెట్టొద్దని పొద్దుట్నుంచి మూడుసార్లు ఫోన్ చేశాను బావా."

"మూడుసార్లు చేశావు కాబట్టే వచ్చాను. ఒక్కసారి చేసుంటే ఇంట్లో పడుకునేవాణ్ణి."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. చేతిలో ఉన్న మూడు కాగితాలు నస ఒళ్ళోకి విసిరాడు. "చదువుకుని దయచెయ్యి. ఒకటి, సర్జన్ డైరీలో ఆఖరి పేజీ జిరాక్స్. చంద్ర హోరలో ఇంజెక్షన్ అని ఆయన చేత్తోనే రాశాడు. రెండు, ఆయన సిద్ధాంతి వాంగ్మూలం. నిన్న, బుధవారం నాడు, చంద్ర హోర ఏడు నుంచి ఎనిమిది. మూడు, గేటు రిజిస్టరు. నర్సు లోపలికి ఏడూ ఐదు, బయటికి ఏడూ ముప్ఫై అయిదు. ఆ హోరలో ఇంట్లో సూది పట్టుకున్న మనిషి ఈవిడొక్కతే. సీసాలో సగం మందు ఒకేసారి ఎక్కించారని డాక్టర్లు చెప్పారు. ఇంకేం కావాలి?"

"ఎందుకు ఎక్కించింది?"

"పోయిన నెల పనిలోంచి తీసేస్తానని తిట్టాడట."

"తిట్టినవాళ్ళనల్లా చంపితే ఈ స్టేషన్‌లో నిన్ను ఎప్పుడో చంపేసేవాళ్ళు" అని నస కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

పన్నెండింటికి సర్జన్ ఇంటికి చేరాడు. చావు జరిగిన గది మెట్ల పక్కనే ఉంది. బల్ల, తిరిగే కుర్చీ, రోగుల్ని పడుకోబెట్టే సన్నటి మంచం. నిన్న పదింపావుకి కాఫీ తెచ్చిన వంటావిడకి ఆయన ఆ కుర్చీలోనే ప్రాణం లేకుండా కనిపించాడట. ఎడమ చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి ఉంది. పెనుగులాట లేదు, కప్పు పగల్లేదు, కాగితం చెదరలేదు. అంటే తనంతట తనే చెయ్యి చాపాడు. వేసిన మనిషి మీద ఆయనకి అనుమానమే లేదు.

నస డైరీ జిరాక్స్ విప్పి బల్లమీద పరిచాడు. సర్జన్ గంటలు రాసే రకం కాదు, హోరలే రాశాడు. నిన్నటి తారీకు కింద రెండే ముక్కలున్నాయి. 'బుధ హోర: నర్సు వచ్చింది, బీపీ ఎక్కువ.' 'చంద్ర హోర: ఇంజెక్షన్.' అక్కడితో సరి.

వరండాలో పరామర్శకి వచ్చినవాళ్ళలో సిద్ధాంతి కనిపించాడు. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, చంకలో పంచాంగం. నస ఆయన్ని గదిలోకి పిలిచి రోగుల మంచం మీద కూర్చోబెట్టాడు.

"సిద్ధాంతిగారూ, ఈ హోరల సంగతేమిటో నాబోటి మొద్దుకి అర్థమయ్యేట్టు చెప్పండి."

"బ్రహ్మవిద్యేం కాదు నాయనా. రోజుని గంట గంటగా కోసి, ఒక్కో గంట ఒక్కో గ్రహానికి ఇస్తాం. ఏ వారమైతే మొదటి గంట ఆ గ్రహానిదే. బుధవారం పొద్దున్న బుధ హోర, తర్వాత చంద్ర, ఆ పైన శని, గురు, కుజ, రవి, శుక్ర. మళ్ళీ మొదటికి. సంతకాలకి బుధుడు, మందులకి చంద్రుడు, శుభానికి గురుడు. శని హోరలో సర్జన్‌గారు గోరు కూడా తీసుకునేవారు కాదు."

"మొదటి గంట ఎన్నింటికి మొదలవుతుంది?"

"సూర్యుడు ఎన్నింటికి వస్తే అన్నింటికి."

"ఆరింటికి కాదూ?"

సిద్ధాంతి అదోలా చూశాడు. "ఆరింటికి బయల్దేరేది బస్సు నాయనా, హోర కాదు. ఈ రోజుల్లో పొద్దెక్కడ తొందరగా పొడుస్తోంది? నిన్న సూర్యోదయం ఆరూ నలభై నాలుగు. వారం వారం లెక్క కట్టి ఆయన ఫోన్‌కి పంపేది నేనే."

"మరి ఇది?" నస వాంగ్మూలం తీసి చూపించాడు. "బుధ హోర ఆరు నుంచి ఏడు, చంద్ర హోర ఏడు నుంచి ఎనిమిది. కింద సంతకం మీదేనా?"

సిద్ధాంతి కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేను సూర్యోదయం నుంచి అనే చెప్పాను. ఇన్‌స్పెక్టరుగారు టైపు చేయించుకొచ్చారు."

"చదవకుండా సంతకం పెట్టారా?"

సిద్ధాంతి పంచాంగం మంచం మీద పెట్టి, మళ్ళీ చంకలోకి తీసుకున్నాడు.

"అడిగేది మిమ్మల్నే. చదవకుండా పెట్టారా?"

"అప్పటికి రెండూ నలభై రెండు అయింది నాయనా. సంతకానికి బుధ హోర మంచిది. అది ఇంకో రెండు నిమిషాల్లో వెళ్ళిపోతుంది. చదువుతూ కూర్చుంటే హోర దాటిపోతుందని..."

నసకి ఒళ్ళు మండిపోయింది. మంచి ఘడియ చూసి మరీ ఒక ఆడమనిషిని జైలుకి తోశాడీయన. తిట్టడానికి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు, టైమ్ లేదు. జిరాక్స్ మార్జిన్‌లో పెన్నుతో లెక్క వేశాడు. ఆరూ నలభై నాలుగు నుంచి ఏడూ నలభై నాలుగు దాకా బుధ హోర. అక్కణ్ణించి ఎనిమిదీ నలభై నాలుగు దాకా చంద్ర హోర. నర్సు గేటు దాటిన తొమ్మిది నిమిషాలకి గానీ చంద్ర హోర రానే రాలేదు.

"సర్జన్‌గారు పొరపాటున ఆరు నుంచి లెక్కపెట్టుకుని ఉండొచ్చా?"

"ఆయనా? ఒక నిమిషం ఇటూ అటూ అయితే నాకు ఫోన్ చేసి దులిపేసేవారు."

ఆ మాట కోర్టులో చెల్లదని నసకి తెలుసు. ఇంకేదైనా కావాలి. డైరీ పేజీనీ గేటు రిజిస్టరునీ పక్కపక్కన పెట్టి చూశాడు. చూస్తే కళ్ళెదుటే ఉంది. బుధ హోరలో నర్సు వచ్చిందని సర్జన్ రాశాడు. పోలీసుల లెక్కన బుధ హోర ఏడింటికే అయిపోయింది. నర్సు గేటులోకి అడుగుపెట్టింది ఏడూ ఐదుకి. బావమరిది ఇచ్చిన మూడు కాగితాల్లో ఒకటి ఇంకోదాని గాలి తీసేస్తోంది.

నస గేటు దగ్గరికి పరిగెత్తినంత పని చేశాడు. వాచ్‌మన్ టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు.

"నిన్న నర్సు వెళ్ళాక ఎవరొచ్చారు?"

"రిజిస్టరు పోలీసులు పట్టుకెళ్ళారు సార్."

"నీ బుర్ర కూడా పట్టుకెళ్ళారా?"

వాచ్‌మన్ ఇబ్బందిగా నవ్వి, కుర్చీ మెత్తకింద నుంచి నలిగిన నోటుబుక్కు లాగాడు. "రిజిస్టర్లో కొట్టివేతలుంటే అయ్యగారు ఊరుకోరు. అందుకని ముందు ఇందులో గీకి, సాయంత్రం అందులో ఎక్కిస్తా. నిన్నటిది మాత్రం పోలీసాయన తొందరపెట్టి మధ్యాహ్నమే ఎక్కించమన్నాడు. నర్సమ్మ దాకా చాలన్నాడు."

అందులో నర్సు వరస కింద ఇంకో వరస ఉంది. 'ల్యాబ్ అమ్మ. లోపలికి 8-10. బయటికి 8-30.'

"ల్యాబ్ అమ్మ ఎవరు?"

"బుధవారం బుధవారం వచ్చి అయ్యగారి రక్తం తీసుకెళ్తుంది. నెమ్మదస్తురాలు. పేరు తెలీదు సార్. నేను ల్యాబ్ అనే రాస్తా."

పరగడుపున రక్తం తీసి, ఆ తర్వాత ఇన్సులిన్ వెయ్యడం. సర్జన్ చెప్పిన ఇంకొకరు ఈవిడే. రక్తం తీసే చేతికి సూది గుచ్చడం కొత్తా? సర్జన్ చొక్కా చెయ్యి తనే మడిచి ఇచ్చాడు. బల్లమీద ఉన్న పాత రిపోర్టు మీద ల్యాబ్ నంబరు చూసి నస ఫోన్ చేశాడు.

"ఆవిడ నిన్నటినుంచి డ్యూటీకి రావట్లేదండీ" అంది అవతలి అమ్మాయి. "నిన్న మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరుగారు కూడా ఆవిడ గురించే అడిగారు. మీరూ పోలీసేనా?"

నస ఫోన్ పెట్టేశాడు. పొరపాటున రాసిన ఆరు కాదది. బావమరిదికి అంతా తెలుసు. తెలిసే ఒక నర్సుని, దిక్కూ మొక్కూ లేనిదని, బలి ఇస్తున్నాడు. తను పని నేర్పింది ఇందుకా?

రెండూ పదికి స్టేషన్ మెట్లెక్కాడు. బెంచీ మీద నర్సు అత్తగారు, ఆవిడ ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల. పక్కన నర్సు తరఫు ప్లీడరు, నల్లకోటు వేసుకున్న కుర్ర అమ్మాయి, వాచీ చూసుకుంటోంది.

"రాతపూర్వకంగా ఇవ్వండి సార్. ఎవరు ఎన్నింటికి వచ్చారో స్పష్టంగా ఉండాలి. రెండూ నలభై అయిదుకల్లా నా చేతిలో పడాలి."

"పడుతుంది" అని నస ఇన్‌స్పెక్టరు గది తలుపు తోసుకుని వెళ్ళాడు.

"ఏడూ ఐదుకి వచ్చిన మనిషి ఏడింటిలోపు ఎలా వచ్చిందిరా?"

ఇన్‌స్పెక్టరు ఫైలులోంచి తలెత్తలేదు. "ఏంటి బావా నీ నస?"

"బుధ హోరలో నర్సు వచ్చిందని డైరీ. ఏడింటికి బుధ హోర అయిపోయిందని నువ్వు. ఏడూ ఐదుకి వచ్చిందని రిజిస్టరు. సిద్ధాంతి సూర్యోదయం అంటే నువ్వు ఆరు అని కొట్టించావు. వాచ్‌మన్ రఫ్ పుస్తకం నా జేబులో ఉంది. ఎనిమిదీ పదికి వచ్చిన ల్యాబ్ మనిషిని ఎందుకు మింగేశావు? ఎవరు చెప్తే చేశావు? ఎంత పెద్దవాళ్ళు?"

ఇన్‌స్పెక్టరు లేచి తలుపు గడియ పెట్టాడు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చోలేదు, బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"అందుకే రావొద్దన్నాను. మూడుసార్లు చెప్పాను. ఏనాడైనా నా మాట విన్నావా నువ్వు?"

"ఎవర్రా ఆవిడ?"

"మా అక్క."

నసకి ముందు అర్థం కాలేదు. వీడికి ఎంతమంది అక్కలని వెతుక్కున్నాడు. ఒక్కతే ఉందని గుర్తొచ్చేసరికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

"రెండేళ్ళ కిందట ఈ ఊరికి తిరిగి వచ్చింది. ల్యాబ్ కోర్సు చదివి ఉద్యోగంలో చేరింది. నీకు చెప్పొద్దంది. ఆ ఇల్లు డ్యూటీలో పడటం ఆవిడ కర్మ. ఆయనకి ఆవిడ మొహం గుర్తు కూడా లేదు. పోయిన నెల రక్తం తీస్తుంటే గొప్పలకి పోయాడట, ముప్ఫై ఏళ్ళ సర్వీసులో శని హోరలో ఒక్క ఆపరేషన్ మొదలుపెట్టలేదని. అక్క ఆ వారమే ఆయన బీరువాలోంచి పాత డైరీ ఒకటి సంచిలో వేసుకుని వచ్చేసింది. నిన్న రాత్రి నా చేతికి దొరికింది."

ఇన్‌స్పెక్టరు సొరుగు లాగి డైరీ తీసి, గుర్తు పెట్టిన పేజీ విప్పి బల్లమీద పెట్టాడు. తారీకు చూడక్కర్లేదు నసకి. ఆ తారీకు ఆరేళ్ళుగా కళ్ళు మూసినా కనపడేదే. కింద అదే రాత, అవే పొట్టి ముక్కలు. 'శని హోర: హెడ్ కానిస్టేబుల్ కూతురు, పేగు వాపు, పగల్లేదు. ఆగాను.' 'గురు హోర: కత్తి పట్టాను. అప్పటికే పగిలింది.'

పగల్లేదు అని రాసి ఉంది. నస వేలు ఆ మాట మీదే ఆగిపోయింది. వాళ్ళు టైముకే తెచ్చారు. రాత్రి తేవాల్సింది, పొద్దున్న తెచ్చావు, నీవల్ల, కాదు నీవల్ల అని ఆరేళ్ళు ఇద్దరూ చచ్చి బతికింది ఎందుకూ కొరగాని మాటకి. థియేటరు బయట ఆ యాభై నిమిషాలూ, లోపలికి వెళ్ళి అడగమని భార్య చెయ్యి పట్టుకుని లాగుతుంటే, "డాక్టరుకి తెలీదా, నువ్వు ఊరుకో" అన్నది మాత్రం తనే.

"ఎంతసేపు ఆగాడు?" తెలిసీ అడిగాడు.

"వద్దు బావా."

"ఎంతసేపురా?"

"యాభై రెండు నిమిషాలు. అక్క లెక్క కట్టింది." ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "ఆ రఫ్ పుస్తకం ఇటిచ్చెయ్. నర్సు మీద సాక్ష్యం గట్టిది కాదు, ఏడాదిలో కేసు కొట్టేస్తారు. బెయిలు సంగతి నేను చూస్తా."

"ఆ ఏడాది ఆవిడ పిల్లనెవరు చూస్తారు?"

"మన పిల్లనెవరు చూశారు బావా?"

నస బల్లమీది తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. తనకి ఈ బాధ తెలుసు. చెయ్యని తప్పుని నెత్తిన మోసుకుని బతకడం ఎలా ఉంటుందో తనకంటే ఎవరికి తెలుసు? బయట బెంచీ మీద నిద్రలేచిన పిల్ల అమ్మ కావాలని ఏడుపు మొదలుపెట్టింది. నస పెన్ను తీశాడు.

సూర్యోదయం దగ్గర మొదలుపెట్టి వరసగా రాసుకుంటూ పోయాడు. నర్సు వచ్చిన టైమ్, పోయిన టైమ్, బుధ హోర, చంద్ర హోర. ఎనిమిదీ పదికి ల్యాబ్ నుంచి ఒక మహిళ వచ్చిందని రాశాడు. ఆవిడ వచ్చిన వెంటనే ఇంజెక్షన్ వేసిందని రాశాడు. ఆ మహిళతో ఈ రాసేవాడికి ఉన్న సంబంధం దాచడం నేరం కాబట్టి అదీ రాయాలి. అక్కడ పెన్ను కాసేపు ఆగింది. తర్వాత 'నా భార్య' అని రాశాడు.

"నువ్వు మనిషివి కాదు బావా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గది వెనక, ఇన్‌స్పెక్టరు నడుం వాల్చే చిన్న గది ఒకటుంది. దాని తలుపు లోపల్నుంచి తెరుచుకుంది. ఆవిడ నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది, ల్యాబ్ కోటు మడిచి చేతిమీద వేసుకుంది. ఎంతసేపటినుంచి వింటోందో తెలీదు. తమ్ముడు ఏదో అనబోతే చేత్తో వారించి, నస భుజం పక్కకి వచ్చి కాగితం మీదికి వంగింది. మొదటినుంచీ చివరిదాకా చదివింది.

"టైమ్ తప్పు రాశారు" అంది. ఆరేళ్ళ తర్వాత ఆవిడ నసతో మాట్లాడిన మొదటి మాట అది. "రాగానే వెయ్యలేదు. ముందు రక్తం తీశాను. డైరీ చూపించి అడిగాను. 'అప్పుడు శని హోరమ్మా, ఏం చెయ్యను' అని చెయ్యి చాపాడు. అప్పుడు వేశాను. ఎనిమిదీ ఇరవై."

నస తలెత్తి ఆవిణ్ణి చూడలేకపోయాడు. 'వచ్చిన వెంటనే' అన్న మాట మీద గీత కొట్టాడు. పైన ఎనిమిదీ ఇరవై అని రాశాడు. దిద్దుబాటు ఉన్నచోట సంతకం ఉండాలి కాబట్టి, దాని పక్కన పొట్టి సంతకం పెట్టాడు.